గారె చిల్లి తగవు

పూర్వం కుందవరాన్ని రణభైరవుడనే రాజు ఏలేవాడు. ఆయన రణం చూసింది తన పేరులోనే. నలుగురు గట్టిగా మాట్లాడుకుంటే చాలు, ఆయనకు తలనొప్పి వచ్చేది. అందుకని తన రాజ్యంలో తగవన్నదే ఉండకూడదనుకున్నాడు. మందు వెయ్యాలంటే ముందు రోగం తెలియాలి గనక, మనుషులు ఎందుకు పోట్లాడుకుంటారో తేల్చమని ఆస్థాన పండితుడు శరభశాస్త్రిని పురమాయించాడు.

శాస్త్రిగారు బాగా ఆలోచించి, తగవులు మూడే రకాలని తేల్చారు. భూమి తగవు, కనకం తగవు, కాంత తగవు. నాలుగోది లేదు, ఉండబోదు. రాజు మురిసిపోయి ఆ సిద్ధాంతాన్ని రాతి మీద చెక్కించి కోట వాకిట నిలబెట్టించాడు.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. అంతలో గానుగ తిప్పే చెన్నప్పకూ, కుండలు చేసే ముత్యాలుకూ గొడవ వచ్చింది. ఇద్దరూ చిన్ననాటి నేస్తులే. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మబ్బును చూస్తూ, అది ఏనుగులా ఉందని చెన్నప్ప అన్నాడు. కాదు, దున్నపోతులా ఉందన్నాడు ముత్యాలు. మాటా మాటా పెరిగింది. మబ్బు విడిపోయింది గానీ వాళ్ళు మాత్రం ఒకరి జుట్టు ఒకరు వదల్లేదు. తలారులు వచ్చి కొలువుకు లాక్కుపోయారు.

మీది ఏ రకం తగవని రాజు అడిగితే మబ్బు తగవన్నారు ఇద్దరూ. శాస్త్రిగారు కలగజేసుకుని, మబ్బు ఎవరి పొలం మీద నిలిచిందని అడిగారు. ఏటి మీదన్నారు. దాని అంచు బంగారు రంగులో మెరిసిందా అన్నారు. లేదు, కాటుకలా నల్లగా ఉందన్నారు. ఇక మిగిలింది ఆ ఏనుగు ఆడదా మగదా అని అడగడమే. అదీ అడిగారు.

"శాస్త్రంలో లేని తగవా? వీళ్ళు అసలు కారణం దాస్తున్నారు" అని రాజు మండిపడ్డాడు. పున్నమిలోగా నిజం చెప్పకపోతే ఇద్దరినీ దేశం నుంచి వెళ్ళగొట్టమని ఆజ్ఞ వేశాడు.

పాపం, చెరసాలలో ఆ ఇద్దరూ ఎప్పుడో కలిసిపోయారు. ఒకే దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నారు. పోనీ భూమి తగవని అబద్ధమాడదామంటే ఇద్దరికీ జానెడు భూమి లేదు.

వాళ్ళ భార్యలు గవరన్న దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. రాజు భోంచేసేటప్పుడు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం గవరన్న కొలువు. ఆడవాళ్ళ కన్నీళ్ళు చూసి అతని మనసు కరిగింది. కానీ శాస్త్రం తప్పని తన నోటితో అంటే దేశం దాటే మూడో మూట తనదే అవుతుంది. తప్పును పెద్దల చేతనే చేయించాలి తప్ప వాళ్ళకు చెప్పకూడదని అతనికి తెలుసు. రాత్రంతా ఆలోచించి, తెల్లవారగానే వంటశాలకు వెళ్ళి ఆ పూట గారెలు వండమన్నాడు.

మధ్యాహ్నం రాజూ, శాస్త్రిగారూ, సేనాపతీ భోజనానికి కూర్చున్నారు. వేడివేడి మినప గారెలు వచ్చాయి. గవరన్న చేతులు కట్టుకుని, తనకో ధర్మసందేహం ఉందన్నాడు.

"గారెకు రుచి పిండి వల్ల వస్తుందా ప్రభూ, చిల్లి వల్ల వస్తుందా?"

చిల్లి వల్లనే అన్నాడు రాజు. చిల్లి లేకపోతే నడుమ పచ్చిగా ఉండిపోదూ?

శాస్త్రిగారు చిరునవ్వు నవ్వారు. చిల్లి అంటే ఏమీ లేకపోవడమనీ, లేనిదానికి రుచి ఎక్కడిదనీ అన్నారు. ఆ నవ్వు రాజుకు గుచ్చుకుంది. మడిబట్టకు వంటిల్లేం తెలుసన్నాడు. కిరీటానికి తర్కమేం తెలుసన్నారు శాస్త్రిగారు. రాజు విసిరిన గారె శాస్త్రిగారి నుదుటి విభూతికి తగిలింది. శాస్త్రిగారు అల్లం పచ్చడి గిన్నె ఎత్తారు. చిల్లి పక్షాన సేనాపతి కత్తి దూస్తే, పిండి పక్షాన వంటవాళ్ళు అట్లకాడలతో బారులు తీరారు. కోట గంట మోగింది. శత్రువులు వచ్చారనుకుని ఊళ్ళో తలుపులు మూసుకున్నారు.

శాస్త్రిగారి పిలక రాజు గుప్పిట్లోనూ, రాజుగారి మీసం శాస్త్రిగారి గుప్పిట్లోనూ ఉండగా, గవరన్న నెమ్మదిగా అడిగాడు.

"ప్రభూ, ఇది భూమి తగవా, కనకం తగవా, కాంత తగవా? రాతి మీద చూసి రమ్మంటారా?"

అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. రాజు పిలక వదిలాడు. శాస్త్రిగారు మీసం వదిలి నిట్టూర్చారు.

"నాలుగో రకం ఉంది మహారాజా. 'నేనన్నదే' తగవు. మిగతా మూడూ దాని పిల్లలేనేమో."

ఆ మాటతో రాజు కోపం చల్లారింది. చెన్నప్పనూ ముత్యాలునూ అప్పటికప్పుడే విడిచిపెట్టమన్నాడు. తర్వాత చెదిరిన మీసం సవరించుకుంటూ గవరన్న వైపు తిరిగాడు.

"అంతా బాగుంది గానీ, ఏమోయ్, ఇంతకీ నువ్వు ఏ పక్షం?"

"మీరు తేల్చేదాకా ఆగితే చల్లారిపోతాయని, పళ్ళెంలో ఉన్నవన్నీ నేనే తినేశాను ప్రభూ. పిండీ చిల్లీ రెండూ ఇప్పుడు నా పక్షమే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నుదుటి మీది నూనె తుడుచుకుంటూ శాస్త్రిగారూ నవ్వారు. రాజు తన భుజం మీది జరీ శాలువా తీసి గవరన్నకు కప్పి, మరో వాయి గారెలు వెయ్యమని వంటవాళ్ళను కేకేశాడు.