దాలమ్మ ముడి

కొండలకింకా పేర్లు పెట్టని రోజులవి. రెండు ఊళ్ల మధ్య ఒక గెడ్డ పారేది. గెడ్డంటే మా వైపు కొండవాగు. ఎండల్లో మోకాటిలోతు, వానల్లో ఏనుగులోతు. దాని మీద తాళ్ల వంతెన. అడ్డతీగ నార పేని, ముడి మీద ముడి వేసి కట్టింది. ఎవరు కట్టారంటే అందరూ కట్టారు.

ఏటా తొలకరికి ముందు రెండు ఊళ్లవాళ్లూ వచ్చి పాత ముడులు విప్పి కొత్తవి వేసేవారు. కూలి లేదు, నాలి లేదు. ఒక్కటే కట్టడి. ముడి బయటికి ఉండాలి. చూసేవాడికి కనబడాలి, విప్పేవాడి చేతికి అందాలి.

ఈ ఒడ్డున దాలమ్మ అనే ముసలిది ఉండేది. అడవిలో నార ఒలిచి అమ్ముకుని బతికేది. ఒక్కగానొక్క కూతుర్ని ఆవలి ఒడ్డున ఇచ్చింది. దాలమ్మ వేసిన ముడి ఉల్లిగడ్డలా ఉండేది, పిల్లలు నవ్వేవారు. అయితే ఏటా ఒడ్డున నిలబడి కేకవేసేది మాత్రం ఆమే.

"వంతెన మనదిరా, రండి!"

ఒక ఏడు రేవు షావుకారు ఎడ్ల మీద సరుకు ఆ దారిన పంపడం మొదలుపెట్టాడు. ఆయన గుమస్తా సూరన్న కొబ్బరితాళ్లు మోయించుకుని వచ్చాడు.

"వంతెన మేం బాగుచేస్తాం. ముడుల మీద తోలు చుట్టి కుట్టేస్తాం."

"తాళ్లు బాగున్నాయి బాబూ. ముడి మాత్రం బయటికుండాల" అంది దాలమ్మ.

"మా ముడి ఇంకో షావుకారు చూసి నేర్చుకుంటే?"

"నేర్చుకోనీ బాబూ. ఆడూ ఈ వంతెన మీదే కదా నడుస్తాడు."

సూరన్న వెళ్లిపోయాడు. రెండోసారి తాళ్లతో పాటు కూలీలనూ తెచ్చాడు. దాలమ్మ అదే మాట అంది. మూడోసారి దాలమ్మను అడగనే లేదు, ఊరిని అడిగాడు.

"తాడిచ్చి, పని చేసిపెడతానంటే ఈ ముసలిదానికేటి నొప్పి?" అంది ఊరు.

తోలు కుట్టేశారు. నిజం చెప్పొద్దూ, పని గట్టిది. ఎద్దు నడిచినా వంతెన ఊగేది కాదు.

ఇక్కడ ఒక మాట. మా మేనకోడలు సుభద్ర కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాస్తుంది. ఎవరైనా తెరిచి చూసి బాగుచేసుకోగల రకమట. కొందరు ఊరికే రాస్తారట, కొందరికి కంపెనీలు జీతమిచ్చి రాయిస్తాయట. "జీతగాళ్ల పని బాగుండదా?" అని అడిగాను. "బాగానే ఉంటుంది మామయ్యా, కంపెనీకి అవసరం తీరాకే వాళ్లు కనబడరు" అంది. సరే, గెడ్డ దగ్గరికి వద్దాం.

మరుసటేడు దాలమ్మ కేకవేసింది. ఎవరూ రాలేదు. "షావుకారు మనుషులున్నారుగా" అన్నారు. ఆ పై ఏడూ అంతే. మూడో ఏడు షావుకారు సరుకు వేరే కనుమ దారి పట్టింది. ఆయన మనుషులూ రాలేదు.

వానలు దిగాయి. వంతెన ఒక పక్కకి ఒరిగింది. ఏ ముడి జారిందో తోలు కింద కనబడదు. ఆవలి ఒడ్డున దాలమ్మ కూతురు నిండు చూలాలు. నొప్పులు మొదలయ్యాయని అటునుంచి కేక వినబడింది.

"ఎల్లకు దాలమ్మత్తా, పడి చస్తావు!" అన్నారు.

"చస్తే చస్తాను. నా కూతురు నొప్పులు పడతంటే ఇక్కడ కూకోను."

కొడవలి నడుముకు దోపి వంతెన ఎక్కింది. మొదటి తోలు కోసింది. "వంతెన మనదిరా, రండి!" ఎవరూ కదల్లేదు. రెండో తోలు కోసింది, కేకవేసింది. ఎవరూ కదల్లేదు. మూడో తోలు కింద ముడి పిడికిలంత వదులై ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని కేకవేసింది.

అప్పుడొకడు పరిగెత్తుకొచ్చాడు. లచ్చుము. షావుకారు దగ్గర కూలికి ఆ ముడి వేసినవాడే.

"నీకీ రోజు కూలెవడిస్తాడురా?"

"ఎవడిస్తాడత్తా! నానేసిన ముడి, నాను సూడొద్దా?"

వాడు విప్పి, ఎలా బిగించాలో అందరికీ కనబడేలా మళ్లీ వేశాడు. అది చూసి ఒడ్డున నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే ఎక్కారు. ఆవలి ఒడ్డువాళ్లూ అటునుంచి తోలు కోసుకుంటూ వచ్చారు. దాలమ్మ గెడ్డ దాటింది. పొద్దుగూకేసరికి మనవరాలు ఆమె ఒళ్లో ఉంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, పండుటాకులా రాలిపోయింది దాలమ్మ.

మళ్లీ షావుకార్లు వచ్చారు, తాళ్లిచ్చారు, కూలీలనిచ్చారు. ఊళ్లు వద్దనలేదు. కానీ ఇప్పటికీ అక్కడ ముడి బయటికే ఉంటుంది. కూలికి వచ్చినవాడైనా పని ముగిశాక ఒక్క ముడి ఊరికే వేస్తాడు. ఎవరిది అని అడిగితే, "దాలమ్మది" అంటాడు. ఆ ఒక్కటి మాత్రం, ఎంత పనివాడైనా, కావాలనే ఉల్లిగడ్డలా వేస్తాడు.