ఈరమ్మ కాలిముద్ర

అనగనగా ఒక అడవిలో వరసగా మూడేళ్ళు వాన చినుకన్నది పడలేదర్రా. గడ్డి మాడిపోయింది. వాగు ఎండిపోయింది. ఆ అడవికి రాజు ఏనుగు. చాలా మంచివాడు. రోజూ తానే రాళ్ళదారిన దూరపు కొండకు నడిచివెళ్ళి దుంపలు మోసుకొచ్చేవాడు.

"ఏ ఇంట్లోనూ పిల్లలు ఆకలితో పడుకోకూడదు. ఇంటికో దుంప పంచండి" అన్నాడు.

పంచే పని కోతి మంత్రిది. ఎవరూ రెండుసార్లు తీసుకోకుండా ఆయనో పద్ధతి పెట్టాడు. మొదటిరోజే రాజుతో సహా అందరిచేతా తడిమట్టి పలకల మీద కాలిముద్ర వేయించాడు. పలకల్ని ఎండబెట్టి దాచాడు. రోజూ వచ్చినవాళ్ళు మళ్ళీ ముద్ర వెయ్యాలి. రెండూ కలిస్తేనే దుంప!

ఆ అడవిలో ఈరమ్మ అని ఒక ఏదుపంది ఉండేది. ఆమెకు ఇద్దరు పసిపిల్లలు. వాగు ఎండిపోతే ఇసుకలో చెలమ తవ్వింది ఈరమ్మే. అడవంతా ఆ నీళ్ళే తాగుతోంది. తవ్వీ తవ్వీ పాపం ఆమె గోళ్ళు అరిగిపోయాయి, అరికాళ్ళు నున్నబడిపోయాయి.

ఇంకేముంది, ఒకరోజు ముద్ర కలవలేదు.

"ఇది నీ కాలు కాదమ్మా, పక్కకు జరుగు" అన్నాడు కోతి.

"నా కాలు కాకపోతే ఎవరిది బాబూ? నిన్న కూడా నువ్వే ఇచ్చావుగా!"

"మట్టి ఒప్పుకోవాలి. నేనేం చెయ్యను?"

వెనకే నక్క వచ్చి ముందుకాలి ముద్ర వేసి దుంప పట్టుకుపోయింది. కాసేపటికి ఒంటికి బూడిద పూసుకొచ్చి వెనకకాలి ముద్ర వేసింది. ఇంకో దుంప! ఆ టక్కరిది మొదటిరోజే నాలుగు కాళ్ళకూ నాలుగు పేర్లు చెప్పి ముద్రలు వేసేసింది. ఈరమ్మ అంతా చూసింది. ఆ పూట పిల్లలకు చెలమ నీళ్ళే పట్టింది.

మర్నాడు పక్కనుండే ఎలుగుబంటిని సాక్ష్యానికి తీసుకెళ్ళింది.

"ఈమె ఈరమ్మేనయ్యా, పుట్టినప్పట్నించీ ఎరుగుదును" అన్నాడు ఎలుగుబంటి.

కోతి తల అడ్డంగా ఊపాడు. "మాట చెల్లదు మామా. ముద్రే చెల్లుతుంది."

ఆ సాయంత్రం చిన్నపిల్ల లేచి నిలబడలేక తూలి పడిపోయింది. ఈరమ్మకు ఏడుపు ఆగలేదు. బాగా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇలా కాదు, రాజు దగ్గరే తేల్చుకుంటాను" అనుకుంది.

మూడోరోజు తెల్లారగానే రాజు వచ్చే దారికి అడ్డంగా కూర్చుంది. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని కూర్చుంటే ఎంత ఏనుగైనా ఆగాల్సిందేగా!

"దారి వదులమ్మా" అన్నాడు రాజు.

"వదలను ప్రభూ. రెండు రోజులుగా నా పిల్లలు పస్తు."

రాజు తెల్లబోయాడు. "అదేమిటి? రోజూ దుంపలన్నీ అయిపోతున్నాయి, అడవిలో ఆకలే లేదు అన్నాడే మంత్రి!"

"అయిపోతున్నాయి. ఎవరి కడుపులోకి పోతున్నాయో అడిగారా? ఒక్కసారి మీరూ వరసలో నిలబడి చూడండి."

రాజు నిలబడ్డాడు. తడిమట్టి మీద కాలు మోపాడు. రాళ్ళ మీద నడిచి నడిచి ఆ పాదం పగిలిపోయి ఉంది. ముద్ర కలవలేదు!

"చెప్పు మంత్రీ, నేనెవరిని?"

కోతి పాత పలకనూ కొత్త ముద్రనూ మార్చి మార్చి చూశాడు. వెనక నక్క మెల్లగా జారుకోబోయింది.

"ఆగవే!" అని ఈరమ్మ అడ్డుపడింది. "ప్రభూ, దీని నాలుగు కాళ్ళూ ఒకేసారి వేయించండి."

వేయించారు. నాలుగు పలకలు, నాలుగు పేర్లు, ఒక్కటే నక్క.

"పనిచేసి కాళ్ళు అరిగినవాళ్ళం దొంగలమయ్యాం. దొంగ మాత్రం నలుగురైంది!" అంటూ రాజు పలకలన్నీ తొక్కి పిండి చేశాడు. నక్కను అడవి దాటించాడు. "మంత్రీ, ఈరోజు నుంచి గడప గడపకూ వెళ్ళి ఇవ్వు. ఎన్ని పంచావో నాకు చెప్పొద్దు. ఎవరికి అందలేదో రోజూ చెప్పు."

కోతి సిగ్గుతో తల దించుకున్నాడు. "తప్పయింది ప్రభూ. కానీ ఏ బొరియలో ఎవరున్నారో నాకేం తెలుసు?"

"నాకు తెలుసు. సగం బొరియలు తవ్వింది నేనే" అంది ఈరమ్మ. "పదండి. మొదటి దుంప మాత్రం నా చిన్నదానికి."

నీతి: ఎంత పంచామన్నది గొప్ప కాదు, ఆకలిగా ఉన్నవాళ్ళ నోటికి అందిందా లేదా అన్నదే చూడాలి.