గుండన్న అడుగుకు భూమి అదిరిందట!

వాగు మలుపులో ఒక మడుగు ఉంది. గుండన్న అనే ఏనుగు పొద్దున్నే అందులో దిగాడంటే సాయంత్రందాకా పైకి రాడు. ఆ తొక్కుడుకు పీతలన్నీ బొరియల్లో దూరిపోతాయి. పీతలంటే ప్రాణం పెట్టే నక్క చెంగయ్య ఒడ్డున కూర్చుని గుటకలు మింగేవాడు.

ఒకరోజు గుండన్న మడుగు వైపు అడుగు వేశాడో లేదో, భూమి గడగడా వణికింది. కొండ మీంచి రాళ్లు దొర్లాయి. ఉడుత చెట్టు దిగేసింది. కుందేలు చెట్టెక్కబోయింది.

చెంగయ్యకు ఇంతకంటే ఏం కావాలి! "చూశారా? అది గుండన్న అడుగు దెబ్బే! ఒరే, కదలకు! ఇంకో అడుగు వేశావంటే అడవంతా కూలిపోద్ది!"

గుండన్న ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. "మెల్లగానే వేశానయ్యా!"

"మెల్లగా వేస్తేనే ఇంత!" అంది అడవిపంది, పిల్లల్ని వెనక్కి నెట్టుకుంటూ.

ముసలి తాబేలు పోలమ్మ మెడ బయటపెట్టింది. "వీడు పుట్టకముందూ నేల ఇలాగే ఊగింది. భూమి లోపల ఎక్కడో లోతున పెద్ద పెద్ద రాతి పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటాయి. కొమ్ములు పెనవేసుకున్న దున్నపోతుల్లా బిగుసుకుపోతాయి. ఒత్తిడి పెరిగి పెరిగి, పట్టు తప్పి ఒక్కసారిగా జారతాయి. ఆ అదురే పైదాకా వస్తుంది."

"రాళ్లు నెట్టుకుంటాయా! వాటికేం గట్టు తగాదా అత్తా?" అన్నాడు చెంగయ్య. అందరూ పకపకా నవ్వారు.

గుండన్న ఎండలో మూడు కాళ్ల మీద నిలబడ్డాడు. చెంగయ్య మడుగులో దిగి పీతలు నమిలాడు. మధ్యాహ్నం నేల మళ్లీ కాస్త కదిలింది.

"ఈసారి నేను కదల్లేదు!" అని ఏడ్చాడు గుండన్న.

"రెప్ప వేశావు. నేను చూశాను," అన్నాడు చెంగయ్య నోట్లో పీతకాలుతో.

అంతే, గుండన్న రెప్పవేయడం కూడా మానేశాడు. కళ్లు ఎర్రబడ్డాయి. తొండం ఎండిపోయింది. కాళ్లు వణకసాగాయి. వాడు ఇక పడిపోతాడని పోలమ్మకు భయం పట్టుకుంది. అందర్నీ పిలిచింది.

"చెంగయ్య మాటే నిజం. వీడి బరువు నేల మీద పడకూడదు. అందుకని వీణ్ణి చెంగయ్య వీపు మీద కూర్చోబెడదాం. ఇంత కనిపెట్టినవాడు ఆమాత్రం మొయ్యలేడా?"

"అవును సుమా!" అంటూ అడవిపంది చెంగయ్యను ఒడిసిపట్టి ముందుకు తోసింది.

"మెల్లగానే కూర్చుంటాలే చెంగయ్యా," అని గుండన్న కృతజ్ఞతతో వెనక్కి తిరిగాడు. ఏనుగు పిరుదుల నీడ నక్క మీద పడింది.

"ఆగండి! ఏనుగు అడుగుకు భూమి ఎక్కడైనా అదురుతుందా? అదంతా లోపలి రాళ్ల పనే! బిగుసుకుంటాయి! జారతాయి! అత్త చెప్పిందిగా!" అని కెవ్వుమన్నాడు చెంగయ్య.

"మరి రెప్ప?" అడిగాడు గుండన్న, రెప్పవేయకుండానే.

"వేసుకో నాయనా, ఎన్నయినా వేసుకో!"

గుండన్న కళ్లు టపటపలాడించి, ఒక్క పరుగున మడుగులో దూకాడు. పీతలు బొరియల్లోకి పోయాయి. ఒడ్డున చెంగయ్య తడిసి ముద్దయ్యాడు. అడవిపంది పిల్లలు వాడి చుట్టూ చేరి "మామా, మళ్లీ ఒకసారి అరవవా?" అని బతిమాలుతున్నాయి.

నీతి: అబద్ధం ఎంత బరువో, అది తన మీద కూర్చోబోయినప్పుడే చెప్పినవాడికి తెలుస్తుంది.