నీళ్ళ బాటిళ్ళ ప్రారంభోత్సవం

ఓబుళమ్మ టీచరుకు ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు, అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెడుతుంది. ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. వాదించడం ఆమెకు గిట్టదు. వాదనలో ఓడినవాడు ఇంటికి పోయి మళ్ళీ పాత పనే చేస్తాడనీ, గెలిచినవాడు ఏ పనీ చేయడనీ ఆమె లెక్క. ఆ లెక్క తప్పగా నేనింతవరకు చూడలేదు.

ఆమె దగ్గర హాకీ నేర్చి, ఆమె తర్వాత ఊళ్ళోని ఆడపిల్లల జట్టును తలకెత్తుకున్నది చౌడేశ్వరి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆ ఏడు మే నెలలో మొట్టమొదటిసారి తనంతట తాను ఎండాకాలపు శిబిరం నడుపుతోంది. పద్దెనిమిది మంది ఆడపిల్లలు. ఊరి బయట పంచాయతీ మైదానంలో ఆట. నీడ లేదు, కొళాయి లేదు. అనంతపురం ఎండలు ఎరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తొమ్మిది గంటలకే బాటిల్లో నీళ్ళు టీపొడి వేసుకోవచ్చుననిపించేటంత కాగుతాయి. అందుకే టీచరు కాలం నుంచీ అక్కడ ఒక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం బాటిల్లో సగానికి నీళ్ళు పోసి ఫ్రీజర్లో ఏటవాలుగా పడుకోబెట్టాలి. పొద్దున ఆ గడ్డ మీద మామూలు నీళ్ళు పోసుకుని రావాలి. నిండా గడ్డకట్టిన బాటిలు చూడ్డానికి గొప్పగా ఉంటుంది గాని, దప్పికైనప్పుడు దాన్ని ఇటుకలాగా చేత్తో పట్టుకుని కూర్చోవాల్సిందే.

జూన్ రెండో వారంలో జిల్లా జట్టు ఎంపికలు. మైదానం వాడుకోవడానికి పంచాయతీ ఇచ్చిన అనుమతి మే ఆఖరుతో తీరిపోతుంది. దాన్ని పొడిగించే కాగితం మీద సర్పంచి సంతకం కావాలి. సర్పంచి పేరు మారెక్క. ఆడవాళ్ళకు కేటాయించిన సీటు కాబట్టి గెలిచింది మారెక్క, కుర్చీలో కూర్చునేది ఆమె మొగుడు వెంకటరాముడు. ఊరంతా 'సర్పంచన్న' అని పిలిచేది ఆయన్నే. మారెక్కను ఏమని పిలవాలో తెలియక 'సర్పంచన్న భార్య' అనేవాళ్ళు. దీన్ని చదివి నవ్వేవాళ్ళు ముందు తమ ఊరి పంచాయతీ ఆఫీసులో ఆ కుర్చీ మీద ఎవరి తుండు ఆరేసి ఉందో చూసుకుని నవ్వండి.

వెంకటరాముడు చెడ్డవాడు కాదు. ఆయనకున్నది ప్రారంభోత్సవాల జబ్బు. బోరు వేసినా, బస్సు షెల్టరుకు సున్నం కొట్టినా, మోరీ మీద బండ మార్చినా రిబ్బను ఉండాలి, కత్తెర ఉండాలి, ఫోటోగ్రాఫరు ఉండాలి. ఆడపిల్లల శిబిరం సంగతి ఆయన చెవిన పడింది. క్రీడాకారిణులకు శీతల జల పాత్రలు బహూకరిస్తానని ప్రకటించాడు. ఆకాశనీలం రంగు ప్లాస్టిక్కు బాటిళ్ళు, ఒక్కోదాని మీదా చేతులు జోడించిన తన ఫోటో. ఆదివారం మైదానంలో సభ. బాటిళ్ళు పంచడం, అనుమతి కాగితం మీద సంతకం పెట్టించడం, రెండూ ఆ సభలోనే. మచ్చుకని సోమవారమే ఒక బాటిలు పంపాడు. చౌడేశ్వరి దాన్ని గోల్‌కీపరు నాగవేణికి ఇచ్చింది.

నాగవేణి దాన్ని మూడు రోజులు మైదానానికి మోసుకొచ్చింది, మూడు రోజులూ నిండుగానే ఇంటికి మోసుకుపోయింది. ఎందుకు తాగలేదంటే దప్పిక లేదనేది. శుక్రవారం తొమ్మిది దాటాక గోలు ముందు నిలబడినది నిలబడినట్టే ఒరిగిపోయింది. తడిగుడ్డ చుట్టి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి తేరుకుని లేచి కూర్చుంది. ఎండదెబ్బ అన్నాడు డాక్టరు. చౌడేశ్వరి ఆ బాటిలు మూత తీసి చూసింది. లోపలి నీళ్ళు కొత్త చెప్పుల అంగడి వాసన కొడుతున్నాయి. నాగవేణి ఆ మాట ఎవరితోనూ అనలేదు. పెద్దోళ్ళు ఇచ్చిన వస్తువు కదా, వాసనొస్తోందంటే బాగుండదనుకుంది.

ఆ సాయంత్రమే చౌడేశ్వరి టీచరింటికి పోయింది. టీచరు వసారాలో కూర్చుని హాకీ కర్రకు పట్టీ చుట్టుకుంటోంది. చౌడేశ్వరి ఆమె ఎదురుగా కూర్చుని, ఎండలో ఆడే పిల్లలకు మంచి బాటిలు ఏదో తేల్చుకునేదెట్లా టీచర్ అని అడిగింది.

నీకు తెలిసింది ముందు చెప్పుమంది టీచరు. చౌడేశ్వరి చెప్పసాగింది. అడుగున మూడు బాణాల మధ్య ఒక అంకె ఉంటుంది, రెండో అయిదో అయితే నీళ్ళకూ చలికీ తట్టుకుంటుంది. అంకే లేకపోతే, చేసినవాడి పేరే లేకపోతే, దాన్ని నమ్మకూడదు. బస్టాండులో కొనే పల్చటి నీళ్ళ బాటిళ్ళు ఒక్కపూట వాడి పారేసేవే, వాటిని మళ్ళీ మళ్ళీ నింపి గడ్డకట్టించకూడదు. రెండు పొరల స్టీలు బాటిలు చల్లదనాన్ని పట్టి ఉంచుతుంది గాని దాన్ని ఫ్రీజర్లో పెట్టేది కాదు, ఉబ్బిపోతుంది. నీళ్ళు గడ్డకడితే పెరుగుతాయి కాబట్టి చోటు వదలాలి. మూతి వెడల్పుగా ఉండాలి, చెయ్యి దూరి లోపల తోమేటట్టు. మూతకుండే రబ్బరు ఊడి రావాలి, లేకపోతే దాని కింద పాచి పడుతుంది. ఇంకా ఏదో చెప్పబోతుంటే టీచరు పట్టీ చుట్టడం ఆపింది.

"ఇంత తెలిసినదానివి, నన్ను అడిగేకి ఏం మిగిలుండాది మే?"

చౌడేశ్వరి అసలు సంగతి బయటపెట్టింది. సర్పంచన్న పంపిన బాటిలు అడుగున అంకే లేదు, అవి పనికిరావని ఆమెకు తెలుసు. వద్దంటే సర్పంచన్న మనసు నొచ్చుకుంటాడు. ఆయన మనసు నొచ్చుకుంటే సంతకం ఆగుతుంది. సంతకం ఆగితే మైదానం లేదు, మైదానం లేకపోతే పద్దెనిమిది మంది ఎంపికలకు ఏ మొహం పెట్టుకుని పోతారు? తీసుకుని మూల పారేద్దామంటే, ఆయన వారానికోసారి వచ్చి పిల్లలు తన ఫోటో పట్టుకుని తాగుతున్నారో లేదో చూసే రకం. ఎదుటిమనిషి మొహం మీద వద్దని చెప్పడం తన వల్ల కాదంది. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మన పెద్దాళ్ళు ఊరికే అనలేదు. ఆడదాన్ని వెక్కిరించడానికి పుట్టిన సామెతే అయినా, మగవాళ్ళ ముందు నోరు పెగలని ప్రతి ఆడదీ దాన్ని గోడ మీద రాసిపెట్టుకోవడం మంచిది.

టీచరు దానికీ జవాబు చెప్పలేదు. పని చెప్పింది. శనివారం సాయంత్రం సర్పంచన్న పంచబోయే బాటిళ్ళలో ఎనిమిది ముందుగా తెప్పించి, ఎప్పటి పద్ధతిలోనే సగానికి నింపి, ఐస్‌క్రీం అంగడి ఫ్రీజర్లో పెట్టించమంది. వాటి పక్కనే చౌడేశ్వరి సొంత బాటిలు కూడా పెట్టాలి. పొద్దున అన్నిటిలోనూ నీళ్ళు పోసి, మైదానంలో పిల్లల సంచులుండే చోటే ఎండలో ఉంచాలి. తొమ్మిదింటికి నేనొస్తానంది.

ఆదివారం తొమ్మిదింటికి ఎనిమిదింటిలో మూడు అతుకు దగ్గర పగిలి తడిమట్టిలో పడున్నాయి. చోటు వదిలినా పగిలాయి. తక్కిన అయిదింటిలో గడ్డ అంతా కరిగిపోయింది. పట్టుకుంటే సర్పంచన్న జోడించిన చేతులు చౌడేశ్వరి అరచేతికి అంటుకొచ్చాయి. ఆమె పాత బాటిల్లో మాత్రం గడ్డ ఇంకా పిడికెడు మిగిలి ఉంది. ఆ మందపాటి బాటిలు నాలుగేళ్ళనాటిది, గీతలు పడి, మీద అక్షరాలన్నీ చెరిగిపోయింది. టీచరు నీలం బాటిలొకటి తీసి ఆమెకిచ్చి తాగమంది.

చౌడేశ్వరి మూత తీసింది. పెదవుల దాకా తెచ్చింది. దించేసింది.

"ఇప్పుడు దప్పిక లేదు టీచర్."

"నాగవేణి కూడా మూడు దినాలు ఇదే మాట చెప్పింది," అంది ఓబుళమ్మ టీచరు. అంతే, పోయి పిల్లల వరస సరిచేయడంలో పడింది.

పదింటికి జీపు వచ్చింది. షామియానా కింద నాలుగు కుర్చీలు, మధ్య కుర్చీలో వెంకటరాముడు, చివరి కుర్చీలో కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మారెక్క. బల్ల మీద ఆరు పెట్టెల బాటిళ్ళు, వాటికి అడ్డంగా ఎర్ర రిబ్బను. పిల్లలు ఎండలో రెండు వరసల్లో నిలబడ్డారు. వెంకటరాముడు క్రీడల గొప్పదనం గురించి, నీళ్ళ గొప్పదనం గురించి, ఈ రెండూ తన చేతుల మీదుగా కలుసుకోవడం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి చెమట తుడుచుకున్నాడు. కత్తెర కోసం చెయ్యి చాచాడు.

చౌడేశ్వరి కత్తెర ఇవ్వలేదు. పళ్ళెంలో ఒక నీలం బాటిలు పెట్టుకుని వచ్చింది, ఆ పొద్దున తాను తాగలేకపోయినదే. పళ్ళెం ఆయన ముందు పట్టుకుంది. రిబ్బను కత్తిరించడం అందరూ చేసేదేననీ, ఇవి తాగేకి ఇచ్చిన బాటిళ్ళు కాబట్టి మొదటి గుక్క ఇచ్చినవాళ్ళదే కావాలనీ, పిల్లలంతా అన్న తాగేది చూసి తాగుతారనీ చెప్పింది. వెంకటరామునికి ఆ ఆలోచన ఎంతో నచ్చింది. ఇట్లాంటి ప్రారంభోత్సవం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ జరగలేదు. ఫోటోగ్రాఫరును దగ్గరికి పిలిచి, తన ఫోటో కెమెరాకు కనబడేటట్టు బాటిలు తిప్పుకుని, మూత తీసి ఎత్తాడు.

ముక్కు దాకా వచ్చాక బాటిలు ఆగింది. ఫోటోగ్రాఫరు, తాగన్నా తాగన్నా అంటున్నాడు. వెంకటరాముడు ఒకసారి దగ్గాడు. రెండు రోజుల నుంచీ జలుబన్నాడు. డాక్టరు చల్లనివి ముట్టొద్దన్నాడన్నాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఆఖరికి చివరి కుర్చీ కనబడింది.

"మారెక్కా, నువ్వు తాగు. సర్పంచివి నువ్వే గదా."

ఎలక్షనై నాలుగేళ్ళయింది. ఆ మాట ఆయన నోటి నుంచి ఊరివాళ్ళు వినడం అదే మొదలు. మారెక్క లేచొచ్చి బాటిలు అందుకుంది. మొగుడు తాగమన్నది తాగి, తినమన్నది తిని ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, ఇదీ తాగుతుందనే అందరూ అనుకున్నారు. ఆమె బాటిలు ఎత్తుతుండగా చౌడేశ్వరి చెయ్యి తటాలున ముందుకు పోయింది. ఆ చెయ్యి అందేలోపే మారెక్క బాటిలు వంచింది. నీళ్ళు షామియానా గుంజ మొదట్లో గడగడా పడ్డాయి. ఖాళీ బాటిలును తిరగేసి, అంకే లేని అడుగు చూసి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. బల్ల కింద గీతలు పడిన బాటిలు కనబడితే, అది ఎవరిదని అడిగింది. చౌడేశ్వరి తనదని చెప్పి అందించింది. మారెక్క మూతికి తగలకుండా ఎత్తిపట్టుకుని, లోపల గడ్డ గలగలమని మోగేదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"సర్పంచిని నేనే అన్నావు గదా. ఆ పెట్టెలు జీపులోకి ఎత్తించు," అంది మొగుడితో, రోజూ కూరలోకి ఉప్పు అందించమని అడిగేంత మామూలుగా. తర్వాత చౌడేశ్వరి వైపు తిరిగి, కాగితం ఎక్కడుందో అడిగి, మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. ఇట్లాంటివి పద్దెనిమిది ఎక్కడ దొరుకుతాయో రాసియ్యమని కూడా చెప్పింది.

వెంకటరాముడు ముందు తెల్లబోయాడు గాని ఎంతైనా ప్రారంభోత్సవాల మనిషి కదా, తేరుకున్నాడు. మా ఇంటామె ఏ వస్తువైనా పరీక్ష చేయకుండా పిల్లలకు ఇయ్యనీదని మైకులో చెప్పి, ఆ గొప్పతనంలో కూడా తన వాటా తాను తీసుకుని, పెట్టెలతో సహా జీపెక్కాడు. జీపు కదిలినప్పుడు మారెక్క ముందు సీట్లో ఉంది. ఎప్పుడూ వెనక కూర్చునే మనిషి.

పిల్లలు కర్రలు తీసుకుని మైదానంలోకి పరుగెత్తారు. చౌడేశ్వరి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, టీచరు పక్కకొచ్చి నిలబడింది. గెలిచిన మనిషి మొహం కాదు అది. సర్పంచన్నను ఇరికించాలనుకున్నాను గాని, ఆ పళ్ళెం ఆయమ్మ చేతికి పోతుందని ఊహించలేదు టీచర్, నేను తాగలేని నీళ్ళను ఇంకొక ఆడమనిషి నోటి దాకా పంపినాను అంది. ఆయమ్మ ఎత్తుతుంటే సంతకం గుర్తుకు రాలేదు, మైదానం గుర్తుకు రాలేదు, చెయ్యి దానంతట అదే పోయింది అంది.

"చూసినాలే," అంది ఓబుళమ్మ టీచరు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మైదానంలోకి చూస్తూ. "ఇంక బాటిళ్ళ సంగతి నన్నడగొద్దు, ఆ చేతినే అడుగు."