పైడయ్య బండి చక్రం

ఆ రాజ్యంలో బండిచక్రం విరిగిందంటే ఆస్థాన వడ్రంగి కామాచారి గడప తొక్కాల్సిందే, తొక్కినప్పుడల్లా కుంచెడు వడ్లు కొలవాల్సిందే. అలాంటిది, ఉప్పుబండి తోలుకునే పైడయ్య తన చక్రం తానే బాగుచేసుకున్నాడు. ఏడాదైనా అది కిర్రుమనలేదు. సంతలో జనం దాన్ని తట్టి చూసి మెచ్చుకుంటుంటే కామాచారి ఓర్వలేకపోయాడు. పైడయ్యను బండితో సహా కోటకు లాక్కుపోయి రాజుగారి కాళ్ల మీద పడ్డాడు.

“మహాప్రభూ! వీడు మా విద్య దొంగిలించాడు. వీడి బండి జప్తు చెయ్యండి. వీడికి నేర్పిన ద్రోహి ఎవడో కక్కించి, వాడికి పాతిక కొరడా దెబ్బలు కొట్టించండి!”

పైడయ్యకు ఆ బండే కూడు. అయినా తొణక్కుండా దండం పెట్టాడు.

“నేర్పింది ఈ ఆచారిగారే, ప్రభూ.”

“నేనా! ఎప్పుడురా?”

“ఒకే చక్రాన్ని మీ దగ్గరికి ఆరుసార్లు తెచ్చాను కదా బాబూ. మీరు పచ్చికర్రతో చక్రం ఆకులు చెక్కి బిగించేవారు, ఎండ తగలగానే అవి వదులై ఊడిపోయేవి. ఆరుసార్లూ పక్కన కూర్చుని చూశాను. ఏడోసారి ఎండిన కర్రతో నేనే వేసుకున్నాను. మొదటిసారే మీరు సరిగ్గా చేసుంటే నాకీ పని వచ్చేదే కాదు!”

రాజుగారు మీసం దువ్వి, “ఏం ఆచారీ, ముందు గురువుగారితో మొదలుపెడదామా?” అన్నారు.

“వద్దు ప్రభూ, నాకే ఫిర్యాదూ లేదు” అని కామాచారి తలవంచుకుని బయటికొచ్చాడు. పైడయ్య బండి తన పక్కనుంచే సాగిపోతుంటే, వీధి మలుపు దాకా చెవులు రిక్కించి విన్నాడు. ఒక్కసారి కిర్రుమన్నా ఆ పూట అన్నం సయించేది. పాడు చక్రం, కిక్కురుమనలేదు!