గాలి లాగిన దారం

దేవసహాయం మేస్త్రిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పడు. పానా చేతికిచ్చి బండివైపు చూపిస్తాడు. కాకినాడలో ఆయన కార్ల రిపేరు షెడ్డుకు పని నేర్చుకోవడానికి వచ్చి, విసుక్కుని వెళ్లిపోయినవాళ్లు మాలో చాలామందే ఉన్నారు. ఆరేళ్లుగా విసుక్కోకుండా ఉన్నవాడు ముత్యాలరావు ఒక్కడే. నలభై దాటిన ఆ శిష్యుడు ఒక ఉదయం ఒక ప్రశ్న అడిగాడు. అప్పుడు నేనక్కడే ఉన్నాను.

ముత్యాలరావు వాళ్లన్న వీర్రాజుకు ఒక పాత కారు ఉండేది. ఏటా వేసవిలో ఉప్పుమడుల పక్క మట్టిదారి మీద జరిగే అరమైలు పందెంలో దాన్ని తోలేవాడు, ఏటా మూడోవాడిగానే వచ్చేవాడు. గాలీ పెట్రోలూ కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు పెద్దది ఒక్కటి పడితే చూడండి నా బండి అని కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. పత్రికలోంచి కత్తిరించిన దాని బొమ్మను, కళ్లకు ఎండ తగలకుండా కార్లో దించుకునే అట్ట వెనక దాచుకున్నాడు. నిరుడు మాఘమాసంలో ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. బొమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది.

తమ్ముడు ఆ బొమ్మ పట్టుకుని ఊళ్లు తిరిగి, అచ్చం అలాంటిదే సంపాదించాడు. అన్న కోరిక అన్న బండిలోనే తీర్చాలని, ఈ ఏడాది ఒక్కసారి అది మొదట రావాలని వాడి తపన. ఆ కార్బురేటరు నిమిషానికి మూడువందల యాభై ఘనపుటడుగుల గాలి పోనిస్తుందని కాగితం మీద రాసుంది. పాతదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. రెట్టింపు గాలికి రెట్టింపు పరుగు అనుకోవడం మాలాంటి పనివాళ్లం అందరం ఒకసారి చేసే తెలివితక్కువ పనే. నేనైతే రెండుసార్లు చేశాను.

తీరా బిగించాక బండి దగ్గడం మొదలెట్టింది. కాలు నొక్కితే దూకాల్సింది పోయి, ఆగి, మూలుగుతూ కదిలేది. పందేనికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ముత్యాలరావు మేస్త్రిని బండి దగ్గరికి తీసుకొచ్చి అడిగాడు.

"మా అన్న కోరుకున్నదే తెచ్చానండి. ఇంత గాలి పెడుతుంటే ఎందుకు లేవదండీ ఇది?"

మేస్త్రి తన తువ్వాలు అంచునుంచి జానెడు దారం పీకి వాడి వేళ్ల మధ్య పెట్టాడు. ఇంజను స్టార్టు చేయించి, తనే వేగం పెంచి ఒక్కచోట నిలిపాడు. "ఆ నోటికాడ పట్టుకో. వదిలావంటే అది మింగేద్ది, మళ్లీ ఇప్పలేక చస్తాం" అన్నాడు.

పెద్ద కార్బురేటరు నోటి దగ్గర దారం బద్ధకంగా ఊగింది. తర్వాత ఇద్దరూ దాన్ని విప్పి, వీర్రాజు పాతదాన్నే మళ్లీ బిగించారు. మేస్త్రి అంతే వేగంలో ఇంజనును నిలిపాడు. ఈసారి దారం బిగుసుకుని, ముత్యాలరావు వేళ్లను లోపలికి లాగింది. ఇంజను రెండుసార్లూ పీల్చింది ఒకే కొలత గాలి. ఇరుకు దారిలో ఆ గాలి పరుగెత్తి పెట్రోలును వెంట లాక్కుపోతుంది, వెడల్పు దారిలో ఊరికే నడిచిపోతుంది. కాగితం మీది అంకె ఆ కార్బురేటరు ఎంత పోనివ్వగలదో చెబుతుంది. ఈ బండి ఎంత పీల్చుకోగలదో దానికేం తెలుసు?

ముత్యాలరావు దారాన్ని వదల్లేదు. మేస్త్రి ఇంజను ఆపి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "నువ్వు రాకముందు మీ అన్నా ఇలాగే పట్టుకున్నాడు. ఎవరిదో పెద్దది అడిగి తెచ్చుకుని, బిగించుకుని, చూసి, విప్పేశాడు. ఆ మర్నాడే నా దగ్గర కత్తెర పుచ్చుకుని ఆ బొమ్మ కత్తిరించుకున్నాడు."

పందెంలో ముత్యాలరావు పాత కార్బురేటరుతోనే తోలాడు. బండి దగ్గలేదు. అరమైలు పొడుగునా అది చేసిన చప్పుడు వీర్రాజు తోలినప్పుడు విన్న చప్పుడే. వచ్చింది మూడో స్థానమే. దిగకుండా, స్టీరింగు మీద తల ఆనించి వాడు చాలాసేపు ఏడ్చాడు. మాలో ఎవరి కళ్లూ తడారలేదు.

కాసేపటికి తల ఎత్తి, పైనున్న అట్ట దించి, బొమ్మ తీసి చూశాడు. కిటికీ దగ్గర నిలబడ్డ మేస్త్రిని అడిగాడు. "ఈ బండికి పట్టదని తెలిసిపోయింది కదండీ. తెలిశాక కూడా ఇన్నేళ్లు ఎందుకు దాచుకున్నాడండీ?"

మేస్త్రి ఆ బొమ్మ అందుకుని, మడత పోకుండా మళ్లీ అట్ట వెనకే పెట్టాడు.

"బండి ఎంత పీలుస్తుందో దారంతో చూపించానయ్యా. మీ అన్నకి ఆ దారం ఎక్కడ పట్టి చూడాలో నాకూ తెలీలేదు."