ఎర్ర బోరింగు

విశ్వేశ్వర్ మాస్టారిని శిష్యులు ఏదైనా గట్టి ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆ తర్వాత ఎంత దూరం తిప్పుతారో ఆ పరమాత్ముడికే తెలియాలి. భూగర్భ జలాల మీద ఆయన నడిపే పరిశోధన పత్రికలో ప్రూఫులు దిద్దడం నా ఉద్యోగం. ఆయన వెనకాల తిరిగి నా చెప్పులు కూడా బాగానే అరిగాయి.

ఆ రోజు అడిగింది ఇందుమతి. ఆయన దగ్గరే పరిశోధన చేసి, మొదటి వ్యాసాన్ని మా పత్రికలోనే అచ్చు వేయించుకున్న పిల్ల. కొబ్బరి చిప్పల బొగ్గుతో నీళ్లలోని ఫ్లోరైడును వడకట్టవచ్చని అందులో రాసింది. కొలిచే పరికరాన్ని సరిచూసుకోవడంలోనే పొరపాటు జరిగిందనీ, ఆ బొగ్గు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదనీ అచ్చయిన ఏడాదికి తనే కనిపెట్టింది. దాచిపెట్టకుండా వచ్చి చెప్పింది. అందుకు మెచ్చుకోవాల్సిందే. కాని వచ్చే నెలలో లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఈలోగా వ్యాసాన్ని వెబ్‌సైటులోంచి చడీచప్పుడు లేకుండా తీసేయమంటుంది.

మా పత్రిక పద్ధతి అది కాదు. సంచిక బయటికి రాకముందే తప్పు దొరికితే రాసినవాళ్లు వ్యాసాన్ని వెనక్కి తీసుకుపోవచ్చు, పేచీ లేదు. వచ్చాక మాత్రం ఎవరు బతిమాలినా మాయం చేయం. వ్యాసం ఉన్నచోటే ఉంటుంది. ప్రతి పేజీకీ అడ్డంగా 'ఉపసంహరణ' అని ఎర్రక్షరాలు పడతాయి. ఎవరు, ఎందుకు వెనక్కి తీసుకున్నారో చెప్పే ప్రకటన పక్కనే ఉంటుంది. రాసినవాళ్ల పేరు అలాగే ఉంటుంది.

"తప్పని నేనే ఒప్పుకున్నాక కూడా, దాన్ని నా పేరుతో సహా అందరికీ కనబడేలా ఎందుకుంచాలి సార్?" అంది ఇందుమతి. మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

నల్లగొండ వైపు ఒక పల్లెలో జీపు దిగేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. నీళ్ల సీసా తెచ్చుకోవాలన్న తెలివి ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది. వీధి మలుపులో ఎర్రరంగు పూసిన బోరింగు కనబడగానే నేను పరిగెత్తి, ఒక చేత్తో కొట్టి ఇంకో చెయ్యి పుడిసిలి పట్టాను. ప్రూఫులు దిద్దేవాడికి రంగుల సంగతి ఏం తెలుస్తుంది? ఎదురింటి గడప మీంచి ఒక పెద్దావిడ లేచి కేకేసింది.

"ఓ అయ్యా, ఆగు! ఆ నీళ్లు నోట్ల పోసుకోకు. బట్టలుతకనీకి తప్ప పనికిరావవి."

ఆమె పేరు అనసూయమ్మ. ఇందుమతి అప్పటికే బోరింగు చుట్టూ ఉన్న సిమెంటు గట్టు మీద వంగి, అక్కడ చెక్కిన అక్షరాలు చదువుతోంది. వేయించినది సర్పంచ్ సోమిరెడ్డి అని ఉంది. ఎవరాయన అని అడిగితే, మా ఇంటాయనే అంది ఆమె. తాగడానికి పనికిరానిదాన్ని పీకేయకుండా ఎందుకుంచారని ఇందుమతి అడిగింది. ఆ గొంతులో కాస్త కోపం కూడా ఉంది.

అనసూయమ్మ నిదానంగా చెప్పుకొచ్చింది. ఊరి ఆ చివర ఇంతకుముందు ఒక బోరింగు ఉండేదట. నీళ్లలో ఫ్లోరైడు ఉందని తేలగానే, వేయించినవాళ్లు పరువు పోతుందని దాన్ని పీకించి, గుంత పూడ్చి నేల చదును చేశారట. కొన్నేళ్లకు బడి కట్టినవాళ్లకు ఆ సంగతి తెలియక, మళ్లీ అక్కడే బోరు వేశారు. పిల్లలు తాగారు. తన మనవడి పళ్లు గోధుమరంగుకి తిరిగాయనీ, వాడు నవ్వేటప్పుడు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడనీ చెప్పి, ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సోమిరెడ్డి వేయించిన ఈ బోరింగు నీళ్లూ అలాంటివేనని తేలినప్పుడు, తాగొద్దని గుర్తుగా ఆయనే డబ్బా తెచ్చి ఎర్రరంగు పూశాడట. ఎలక్షన్లు దగ్గర పడ్డాయి, కనీసం గట్టు మీది పేరైనా చెక్కి తీసేద్దామని కొడుకులు ఉలి పట్టుకొచ్చారు. ఆయన ఒప్పుకోలేదు.

"పేరు తీసేస్తే ఈ రంగు ఎవరేసిన్రో, ఎందుకేసిన్రో ఎవలకు తెలుస్తదిరా అన్నడు" అంది అనసూయమ్మ.

మరి ఎలక్షన్లో ఏమైందని ఇందుమతి మెల్లగా అడిగింది. ఓడిపోయాడని ఆమె ఉన్నమాట చెప్పేసింది. ఆ తర్వాత ఊళ్లో ఎవరు కొత్తగా బోరు వేసుకున్నా, ఆయన వచ్చి, నీళ్లు పరీక్ష చేయించి తాగొచ్చు అంటే తప్ప బిందె పెట్టడం లేదని కూడా చెప్పింది. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె మొహం వెలిగిపోయింది.

మా వాలకం చూసి, లోపలికి వెళ్లి పెద్ద చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇందుమతి అందుకుని, ఎత్తిన చెంబు దించకుండా గటగటా తాగేసింది. తడిసిన గడ్డం తుడుచుకుంటుంటే, మాస్టారు ఆమె వైపు తిరిగారు.

"ఫ్లోరైడు మీద పరిశోధన చేసినదానివి. ఈ నీళ్లు ఎక్కడివని ఒక్క మాటన్నా అడగకుండ తాగినవేంది బిడ్డా?"